కొత్త టీకా ముందు జనం: ఒప్పుకోలుకూ నిరాకరణకూ మూలాలు

టీకా జబ్బు లేని మనిషికి వేసే మందు. మిగతా వైద్యానికీ దీనికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. జ్వరంతో మూలుగుతున్నవాడు తనే మందు అడుగుతాడు, చేదైనా మింగుతాడు, తగ్గితే తగ్గిందని అతనికే తెలుస్తుంది. టీకాకు ఆ సాక్ష్యం లేదు. అది పనిచేసిందంటే ఏమీ జరగలేదని అర్థం. రాని జబ్బును ఎవరూ చూడలేరు. కళ్ళకు కనపడేదల్లా వాచిన భుజం, రెండు రోజుల జ్వరం, రాత్రంతా ఏడ్చిన బిడ్డ. హాయిగా ఆడుకుంటున్న పిల్లను తెచ్చి సూదికి అప్పగించే తల్లి, తనకు కనపడని లాభం ఉందని ఇంకొకరు చెప్పిన మాట మీదే ఆ పని చేస్తోంది. పాత టీకా అయితే ఆ మాటకు అమ్మమ్మల నాటి నుంచి వస్తున్న అలవాటు తోడుంటుంది. కొత్త టీకాకు మాట ఒక్కటే దిక్కు. అందుకే కొత్త టీకా వచ్చినప్పుడు జనం మందుతో పాటు దాన్ని తెచ్చినవాళ్ళనూ తూచి చూస్తారు.

వద్దన్నవాళ్ళను అజ్ఞానుల కింద జమకట్టడం అధికారులకూ చదువుకున్నవాళ్ళకూ చాలాకాలంగా అలవాటు. తెలియక వద్దంటున్నారు, తెలియజెబితే ఒప్పుకుంటారు అన్న లెక్కతో పోస్టర్లు వేస్తారు, మైకులో చెప్పిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందం 2014లో ఇచ్చిన నివేదిక ఇంతకంటే లోతుగా వెళ్ళింది. టీకా మీదా, వేసేవాళ్ళ మీదా నమ్మకం ఎంత, ఆ జబ్బు మనకెందుకు వస్తుందిలే అన్న ఉదాసీనత ఎంత, టీకా చేతికి అందేంత దగ్గరలో ఉందా అన్న మూడు కోణాల నుంచి జనం తటపటాయింపును చూడాలని అది సూచించింది. 2019లో అదే సంస్థ ఈ తటపటాయింపును ప్రపంచ ఆరోగ్యానికున్న పది పెద్ద ముప్పుల్లో చేర్చింది. ఆ వర్గీకరణ పనికొచ్చేదే. అయితే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా పోతుంది, పోయినదాన్ని తిరిగి ఎలా సంపాదించుకోవాలి అన్న ప్రశ్నలకు ఏ పట్టికలోనూ జవాబు దొరకదు. రెండు శతాబ్దాల భారతీయుల అనుభవంలో దొరుకుతుంది.

మశూచి టీకా మన దేశానికి 1802లో వచ్చింది. ఎడ్వర్డ్ జెన్నర్ ఇంగ్లండులో 1796లో చేసిన ప్రయోగం నుంచి పుట్టిన ఆ మందు బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. ఆ ఏడు జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పిల్లకు వేసిన టీకా మన దేశంలో మొదటిది. అప్పట్లో మందును నిలవ ఉంచే ఉపాయం లేదు. ఒక బిడ్డ చేతి మీద లేచిన పొక్కును ఎనిమిదో రోజున చిదిపి, ఆ రసాన్ని ఇంకో బిడ్డ చేతి మీద గీరి ఎక్కించేవారు. ఆ బిడ్డ నుంచి మరో బిడ్డకు. టీకా ఊరు దాటాలంటే పిల్లలే దానికి వాహనాలు. ఇందులో తల్లులకు రెండు బాధలు. తన బిడ్డ ఒంట్లోకి వచ్చే రసం ఎవరి ఇంటి బిడ్డదో, ఏ కులం బిడ్డదో, ఆ ఒంట్లో ఇంకేం జబ్బుందో తెలియకపోవడం ఒకటి. మానుతున్న పుండును వారం తిరగకుండా మళ్ళీ కెలికించుకోవలసి రావడం రెండోది. టీకా వేయించుకున్న తల్లి ఎనిమిదో రోజున బిడ్డను దాచేసిందని ఆనాటి అధికారులు విసుక్కునేవారు. ఆ తల్లి దాచింది టీకాకు భయపడి కాదు, తన బిడ్డ ఒంటిని ఊరందరికీ మందుసీసాగా మార్చినందుకు.

అంతకుముందు బెంగాల్, ఒడిశా ప్రాంతాల్లో మశూచి పొక్కుల రసాన్నే చర్మం కింద ఎక్కించే పద్ధతి ఉండేది. జెన్నర్ టీకా కన్నా అది ప్రమాదకరమైనది. దానివల్ల కొందరు చనిపోయేవారు, చుట్టుపక్కలవాళ్ళకు జబ్బు అంటుకునేది కూడా. అయినా జనం డబ్బిచ్చి మరీ వేయించుకునేవారు. ఆ పని చేసే మనిషి ఏటా అదే రుతువులో వచ్చేవాడు, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పేవాడు, శీతలాదేవి పూజలో పాలుపంచుకునేవాడు, పొక్కులు ఆరేదాకా బిడ్డను మళ్ళీ మళ్ళీ చూసి వెళ్ళేవాడు. సర్కారు టీకాదారు గీరి వెళ్ళిపోయేవాడు. జ్వరం వస్తే అడగడానికి అతను కనపడడు. జనం చూసింది ఈ తేడా. సురక్షితమైన మందు అపరిచితుడి చేతిలోనూ, ప్రమాదకరమైన మందు తెలిసినవాడి చేతిలోనూ ఉంటే జనం తెలిసినవాడి వైపే మొగ్గారు. తెలుగువాళ్ళు హస్తవాసి అని పిలుచుకునేదానిలో ఉన్న వివేకం ఇదే: మందు ఎంత మంచిదైనా, ఇచ్చిన మనిషి తర్వాత కూడా అందుబాటులో ఉంటాడా అని రోగి చూసుకుంటాడు.

జబ్బు మీద భయం బలంగా ఉన్నప్పుడు మందు వల్ల జరిగిన నిజమైన హానిని కూడా జనం క్షమించగలరు. 1955 ఏప్రిల్ 12న జోనాస్ సాక్ పోలియో టీకా పనిచేస్తోందని అమెరికాలో ప్రకటించినప్పుడు చర్చిల్లో గంటలు మోగాయి. కొద్ది రోజులకే ఒక తయారీదారు పంపిన టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయిందని తేలింది. ఆ టీకా వల్ల దాదాపు 200 మందికి పక్షవాతం వచ్చింది, పదిమంది చనిపోయారు. ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపి, ఏం జరిగిందో బయటపెట్టి, తనిఖీ నియమాలు కట్టుదిట్టం చేసి మళ్ళీ మొదలుపెట్టింది. తల్లిదండ్రులు మళ్ళీ వరుసలో నిలబడ్డారు. ఏటా ఎండాకాలంలో ఈతకొలనులు మూయించిన జబ్బు అది; ఇనుప ఊపిరితిత్తుల యంత్రంలో పడుకున్న పిల్లలను అందరూ చూసి ఉన్నారు. అంత భయం లేని చోట ఇందులో వందో వంతు తప్పు జరిగినా టీకా నిలదొక్కుకోలేదు. జబ్బు కనుమరుగవుతున్న కొద్దీ టీకా చిన్న తప్పులు పెద్దగా కనపడతాయి. తన విజయమే టీకాకు ఇలా ఎదురు తిరుగుతుంది.

మన దేశంలో ఇటువంటి తప్పు జరిగింది 1902లో. ప్లేగు కోసం వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయిలో తయారుచేసిన టీకా అప్పటికి కొన్నేళ్ళుగా వాడకంలో ఉంది. 1897 జనవరిలో ఆయన దాన్ని మొదట తనకే వేసుకుని చూశాడు. ఆ ఏడాది ప్లేగు అదుపు పేరుతో పుణేలో సైనికులు ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేశారు; ఆ కోపం ప్లేగు కమిషనర్ ర్యాండ్ హత్యకు దారితీసింది. టీకా కూడా అదే సర్కారు చేతి నుంచి వచ్చేది. ఆ నేపథ్యంలో పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్ళో 1902 అక్టోబరు 30న 107 మందికి టీకా వేశారు. ఒకే ఒక సీసా నుంచి మందు తీసుకున్న 19 మందీ ధనుర్వాతంతో చనిపోయారు. సీసా తెరిచేటప్పుడు సహాయకుడి చేతిలోంచి పట్టుకారు నేల మీద పడింది. దాన్ని మందునీళ్ళలో ముంచి తీసి, అదే పట్టుకారుతో బిరడా లాగాడు. నింద మాత్రం హాఫ్కిన్ ప్రయోగశాల మీద పడింది. రొనాల్డ్ రాస్ వంటి శాస్త్రవేత్తలు ఆయన పక్షాన నిలిచాక, 1907లో గానీ ఆయన మీది మచ్చ పోలేదు. అయిదేళ్ళు ఒక శాస్త్రవేత్తను అనుమానించిన ప్రభుత్వం, ఆ ఊరి జనం మాత్రం వెంటనే నమ్మాలని ఆశించింది.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు జరిగిన కథకు తెలుగు నేలతో సంబంధం ఉంది. క్షయకు వేసే బీసీజీ టీకాను 1948లో మన దేశంలో మొదట రెండు చోట్ల మొదలుపెట్టారు: ఒకటి ఢిల్లీ, రెండోది మదనపల్లె. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం అప్పటికే దక్షిణాదిలో క్షయ వైద్యానికి పేరుమోసింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమట్-మోలర్ అక్కడ ఉండి చుట్టుపక్కల పల్లెల్లో టీకా ఫలితాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. 1951లో టీకా దేశమంతటా ఉద్యమంగా సాగింది. వ్యతిరేకత వచ్చింది పల్లెల నుంచి కాదు, మద్రాసు నగరంలోని చదువుకున్నవాళ్ళ నుంచి. ఏ.వి. రామన్ అనే విశ్రాంత ఇంజనీరు తన పత్రికలో అదే పనిగా రాశాడు. 1955లో రాజాజీ ఈ టీకాను ఎందుకు వ్యతిరేకిస్తున్నారో చెబుతూ ఒక చిన్న పుస్తకమే వేశారు. జర్మనీలోని ల్యూబెక్‌లో 1930 ప్రాంతంలో పొరపాటున క్షయ క్రిములు కలిసిన బీసీజీ వల్ల 72 మంది పసివాళ్ళు చనిపోయిన ఘటన వాళ్ళ వాదనలో పదేపదే వచ్చేది.

రాజాజీ అజ్ఞాని కాదు. గవర్నర్ జనరల్‌గా, ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి ఆయన. ఆయన భయాల్లో కొన్ని అతిశయోక్తులు. కానీ ఇంతమందికి వేస్తున్న ఈ టీకా నిజంగా క్షయను ఆపుతుందా అన్న ప్రశ్న అతిశయోక్తి కాదు. చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన పెద్ద పరీక్ష, పెద్దవాళ్ళలో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేల్చింది. పసివాళ్ళను మెదడు క్షయ వంటి తీవ్రరూపాల నుంచి మాత్రం అది కాపాడుతుంది. అందుకే నేటికీ పుట్టగానే వేస్తున్నారు. టీకా వద్దన్నవాడి ప్రశ్న తప్పయి ఉండవచ్చు, సగం ఒప్పయి ఉండవచ్చు. విన్నాకగానీ ఆ తేడా తెలియదు.

అదే పాఠం ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల విషయంలో మళ్ళీ రుజువైంది. 2002లో దేశంలో నమోదైన 1,600 పోలియో కేసుల్లో మూడొంతులకు పైగా ఆ ఒక్క రాష్ట్రంలోనివే. మొరాదాబాద్, అలీగఢ్ వైపు ముస్లిం బస్తీల్లో, చుక్కలు వేస్తే పిల్లలకు పిల్లలు పుట్టరన్న ప్రచారం బలంగా ఉండేది. ఆ ప్రచారాన్ని వదంతి అని తీసిపారేయడం సులభం. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్లు జరిగిన జిల్లాలు అవి. 1976లో ముజఫర్‌నగర్‌లో దానికి ఎదురు తిరిగినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి. తండ్రి తరం ఆ సర్కారు వ్యానును చూసి పొలాల్లోకి పరుగెత్తింది. కొడుకు ఇంటి ముందు అదే సర్కారు మనుషులు నెలనెలా వచ్చి నిలబడుతున్నారు. ఒప్పుకోని ఇంటి గోడ మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీసి వెళ్ళేవారు. వీధిలో పోయేవాళ్ళందరికీ కనపడే ఆ గుర్తు ఇంటివాళ్ళకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

వాళ్ళు అడిగిన ఇంకో ప్రశ్నకు శాస్త్రమే తర్వాత వత్తాసు పలికింది. ఇన్నిసార్లు ఎందుకు వేస్తున్నారు, పదిసార్లు వేయించినా పక్కింటి పిల్లాడికి కాలు ఎందుకు పడిపోయింది? కలుషితమైన నీళ్ళు, తరచూ విరేచనాలు, కిక్కిరిసిన ఇళ్ళు ఉన్న ఆ ప్రాంతంలో పాత మూడు రకాల చుక్కల మందు ఒక్కో డోసుకు దాదాపు 9 శాతం రక్షణే ఇస్తోందని 2006లో వెలువడిన పరిశోధన చూపింది. మిగతా దేశంలో అది 21 శాతం. తల్లులు గమనించింది నిజమేనని తేలింది. అంతకుముందే ఒకే రకం వైరస్‌కు, తర్వాత 2010లో రెండు రకాలకు పనిచేసే మందులు వచ్చాయి. మనుషులూ మారారు. యూనిసెఫ్ ఆధ్వర్యంలో ఆ బస్తీల ఆడవాళ్ళనే కార్యకర్తలుగా తీసుకున్నారు. మసీదుల ఇమాములు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా పెద్దలు గడప గడపకూ వెళ్ళారు. ఉత్తరప్రదేశ్, బీహార్లలో కలిపి వెనుకబడిన 107 బ్లాకుల్లో చుక్కలతో పాటు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, విరేచనాల వైద్యం గురించి కూడా పట్టించుకోవడం మొదలైంది. మా మురికికాలువ గురించి అడిగితే పలకనివాళ్ళు చుక్కలకు మాత్రం ప్రతి నెలా ఎందుకొస్తారన్న ప్రశ్నకు అది ఆలస్యంగా వచ్చిన జవాబు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

నైజీరియాలోని కానో రాష్ట్రం 2003లో పోలియో చుక్కలను దాదాపు ఏడాదిపాటు ఆపేసింది. అక్కడ కూడా వెనక ఒక జ్ఞాపకం ఉంది: 1996లో మెదడు పొరల వాపు జబ్బు విరుచుకుపడినప్పుడు ఒక బహుళజాతి మందుల కంపెనీ అదే నగరంలో పిల్లల మీద కొత్త యాంటీబయాటిక్‌ను పరీక్షించింది, తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్న వివాదం కోర్టులకు ఎక్కింది. చివరకు ముస్లింలు అధికంగా ఉన్న ఇండోనేషియాలో తయారైన మందు తెప్పించాక చుక్కలు మళ్ళీ మొదలయ్యాయి. మందు అదే. తయారీదారు మీద గురి వేరు.

తెలుగువాళ్ళు ఎక్కువ శ్రద్ధతో చదువుకోవలసింది ఖమ్మం జిల్లా అనుభవం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా 2006లో వచ్చింది. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ వయసున్న దాదాపు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, మందు కంపెనీలది. ఈ టీకా ఉద్దేశం గొప్పది. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తోంది, 70,000 మందికి పైగా చనిపోతున్నారు. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పరీక్షలకు నోచుకోని పేదలు. ఎవరికి ఎక్కువ అవసరమో ఆ పిల్లలకే ముందుగా అందించాలన్న ఆలోచనను తప్పుపట్టనక్కర్లేదు.

తప్పు అడిగిన తీరులో ఉంది. టీకా వేసిన పిల్లల్లో చాలామంది ప్రభుత్వ హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో, పోడు చేలల్లో. వాళ్ళ తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం పెట్టవచ్చని అధికార యంత్రాంగం నుంచే ఆదేశం వెళ్ళింది. తర్వాత పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేసినవాళ్ళకు ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించారా అన్నది ఆ కాగితం చెప్పదు. ఈ పని మీద పరిశోధన అన్న ముద్ర ఉందని, ఇది సర్కారు మామూలుగా వేసే టీకాల్లో ఒకటి కాదని కన్నవాళ్ళలో ఎందరికి తెలిసింది?

2010 నాటికి రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా తీసుకున్న ఏడుగురు బాలికలు చనిపోయారన్న సంగతి బయటికొచ్చింది. మహిళా సంఘాలు ఖమ్మం వెళ్ళి విచారించాయి, పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి, ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. విచారణలో ఐదుగురి మరణాలకు టీకాతో సంబంధం లేదని స్పష్టమైంది: ఒకరు క్వారీ గుంటలో మునిగిపోయారు, ఒకరిని పాము కాటేసింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరి మరణ కారణం అంత తేటగా తేలకపోయినా టీకానే కారణమనడానికి ఆధారం దొరకలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక మాత్రం అనుమతులు తీసుకున్న తీరును, దుష్ప్రభావాలను గమనించే ఏర్పాటు లేకపోవడాన్ని చాలా కఠినంగా తప్పుపట్టింది. పాత్ సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

ఇక్కడ టీకా నిర్దోషి, దాన్ని వేసిన పద్ధతి దోషి. జనానికి ఈ రెంటినీ విడదీసి చూసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. పాము కాటుతో పోయిన పిల్ల ఇంటికి ఎవరైనా ఆ వారంలోనే వెళ్ళి, అమ్మా ఇదీ కారణం అని చెప్పి, ఊళ్ళో నలుగురి ముందూ కాగితం పెట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. ముందే తల్లిని అడిగి ఉంటే, ఆమెకు తెలియకుండా బిడ్డకు ఏదో చేశారన్న బాధ చావు దుఃఖానికి తోడయ్యేది కాదు. ఇప్పటికీ ఆ ఏడుగురి పేరు చెప్పి ఈ టీకాను వద్దనేవాళ్ళున్నారు. వాళ్ళ శాస్త్రం తప్పు, ఫిర్యాదు నిజం. ఫలితంగా టీకా జాతీయ కార్యక్రమంలోకి రాకుండా పదేళ్ళకు పైగా ఆగిపోయింది. ఈ లోపు టీకా వేసే వయసు దాటిపోయిన బాలికల తరాలకు ఆ రక్షణ దొరకలేదు.

ఇదే టీకాను ఇంకోలా తీసుకెళ్ళవచ్చని సిక్కిం చూపింది. 2018లో ఆ రాష్ట్రం అర్హులైన బాలికల్లో 95 శాతానికి పైగా టీకా వేయగలిగింది. చిన్న రాష్ట్రం, చదువు ఎక్కువ అన్న సౌలభ్యాలు ఉన్నాయి, నిజమే. కానీ అక్కడ సూది కన్నా ముందు మాట వెళ్ళింది: ఉపాధ్యాయులకు, విలేఖరులకు, మతపెద్దలకు, డాక్టర్లకు ముందుగానే వివరించి, వాళ్ళ అనుమానాలు తీర్చి, ఆ తర్వాత బడుల్లోకి అడుగుపెట్టారు. చదువు ఎక్కువైనంత మాత్రాన పని జరగదని చెప్పడానికి జపాన్ ఉంది. అక్కడ కొందరు బాలికల్లో నొప్పులు కనపడ్డాయన్న వార్తలు రాగానే 2013 జూన్‌లో ప్రభుత్వం ఈ టీకాను స్వయంగా సిఫారసు చేయడం మానుకుంది. 70 శాతానికి పైగా ఉన్న టీకా రేటు ఒక శాతం కన్నా కిందికి పడిపోయింది. టీకా నిషేధించలేదు, ఉచితంగానే దొరికేది. సర్కారు నోరు మూసుకుంది, అంతే. మళ్ళీ సిఫారసు చేయడానికి 2022 దాకా పట్టింది. డెన్మార్కులో 2015లో ఒక టీవీ కార్యక్రమం తర్వాత ఇలాంటి పతనమే వచ్చినా, అక్కడి ఆరోగ్యశాఖ తల్లుల ప్రశ్నలకు బహిరంగంగా జవాబు చెబుతూ రెండు మూడేళ్ళలో కోలుకుంది.

లక్షలమందికి టీకా వేస్తే వాళ్ళలో కొందరు ఆ వారంలో ఏదో ఒక కారణంతో జబ్బు పడతారు, కొందరు చనిపోతారు. టీకా వేయకపోయినా ఆ సంఖ్య అంతే. మనసు మాత్రం ముందు జరిగినదాన్ని తర్వాత జరిగినదానికి కారణంగా చూస్తుంది. దీన్ని మూఢత్వం అనకూడదు. నిత్యజీవితంలో కారణాలను పట్టుకునేది ఇదే బుద్ధితో. కాబట్టి ప్రతి ఘటనకూ వేగంగా, బయటివాళ్ళు కూడా నమ్మే విధంగా విచారణ జరగాలి, ఫలితం తెలుగులో కుటుంబానికి చేరాలి. కొన్నిసార్లు తప్పు టీకాది కాక మనిషిది అవుతుంది. 2019 మార్చిలో హైదరాబాదులోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసివాళ్ళకు టీకా వేసి, జ్వరం రాకుండా ఇవ్వవలసిన పారాసిటమాల్‌కు బదులు పొరపాటున ట్రమడాల్ అనే బలమైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పసిప్రాణాలు పోయాయి. ఆ తల్లులకు టీకా మంచిదే, మాత్రదే తప్పు అని చెప్పడం నిజమే అయినా, అది వాళ్ళకు ఊరట కాదు.

తప్పు మందులోనే ఉన్న సందర్భాలూ ఉన్నాయి, వాటిని దాస్తే నష్టం మిగతా టీకాలకూ పాకుతుంది. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షల మందికి పైగా పిల్లలకు డెంగ్యూ టీకా వేశారు. అంతకుముందు డెంగ్యూ రాని పిల్లల్లో ఈ టీకా తర్వాత జబ్బు తీవ్రం కావచ్చని తయారీ సంస్థ 2017 నవంబరులో ప్రకటించింది. దెబ్బ ఆ ఒక్క టీకాతో ఆగలేదు. మిగతా టీకాల మీద నమ్మకం కూలి, 2019లో ఆ దేశంలో తట్టు విజృంభించింది.

కొవిడ్ కాలం ఈ ధోరణులన్నిటినీ రెండేళ్ళలో కళ్ళముందు పెట్టింది. 2021 జనవరి 3న హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చినప్పుడు మూడో దశ పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వాడాలని షరతు పెట్టారు, వేయించుకునేవాళ్ళతో ప్రత్యేక అంగీకార పత్రం రాయించుకున్నారు. మొదట వెనకాడింది డాక్టర్లు, నర్సులు. ఫలితాలు చూపండి అన్నది శాస్త్రం చదివినవాళ్ళు వేయవలసిన ప్రశ్నే. మార్చి 3న మధ్యంతర ఫలితాలు 81 శాతం సామర్థ్యం చూపాక ఆ వెనకాడటం తగ్గింది. రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే మన సొంత టీకా అనుమానపు నీడ లేకుండా జనంలోకి వచ్చేది.

ఏప్రిల్, మే నెలల్లో రెండో ఉధృతి వచ్చింది. ఆక్సిజన్ కోసం పరుగులు, శ్మశానాల ముందు వరసలు. జనవరిలో వద్దన్నవాళ్ళే తెల్లవారుజామున కేంద్రాల ముందు నిలబడ్డారు. కొవిన్ పోర్టల్‌లో చోటు దొరక్క నగరాల వాళ్ళు పల్లెల ఆరోగ్య కేంద్రాలకు కార్లలో వచ్చారు. అదే మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో టీకా బృందాన్ని చూసి గ్రామస్థులు కొందరు సరయూ నదిలో దూకారు. ఒకే దేశం, ఒకే జబ్బు, ఒకే నెల. ఫోనులో చోటు వెతుక్కోగలిగినవాడికీ, ఊళ్ళోకి దిగిన అపరిచితుల బృందాన్ని చూసినవాడికీ టీకా ఒకేలా కనపడదు. జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజులో 13 లక్షల మందికి పైగా టీకా వేసింది. గ్రామ సచివాలయం నడిచిపోయేంత దూరంలో ఉండటం, ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త, వాలంటీరు ఊరి మనుషులే కావడం ఆ పనికి ఊతమయ్యాయి. ఇంటికి వచ్చి పిలిచినది ఎవరో తెలిసినప్పుడు చాలా అనుమానాలు గుమ్మంలోనే తీరిపోతాయి. అందుబాటు గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు: కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, రోజంతా కూర్చోవలసిన టీకాను జనం వద్దనరు, వాయిదా వేస్తారు.

ఆ ఊరి మనుషుల మీద మోపిన బరువు గురించి మాత్రం చెప్పాలి. ప్రశ్నలన్నీ పడేది నర్సమ్మ మీదా, ఆశ కార్యకర్త మీదా. బిడ్డకు జ్వరం వస్తే అర్ధరాత్రి ఫోను వచ్చేది ఆమెకే. కొత్త టీకా గురించి ఆమెకు ఒకటి రెండు రోజుల శిక్షణ, వేయవలసిన సంఖ్య, ఒక రిజిస్టరు ఇస్తారు. నాకు తెలియదు, డాక్టరుగారిని అడిగి చెబుతాను అనే స్వేచ్ఛ చాలా చోట్ల ఇవ్వరు. వాట్సాప్‌లో తిరిగే వీడియోకు ఆమె దగ్గర జవాబు లేకపోతే ఆ తప్పు ఆమెది కాదు. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుకు ఆ మాత్రం శిక్షణ కూడా ఉండదు. అయినా మొదట అడిగేది అతన్నే. అతన్ని శత్రువుగా చూసే కార్యక్రమాలు సగం ఊరిని ముందే పోగొట్టుకుంటాయి.

హెచ్‌పీవీ టీకా కథలో చివరి మలుపు చాలామందికి తెలియదు. ఖమ్మం గొడవ జరిగిన సమయంలోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్న పరీక్ష నడుపుతోంది. 2010 ఏప్రిల్‌లో అన్నిటితో పాటు అదీ ఆగిపోవడంతో వేలమంది బాలికలకు ఒక్క డోసే పడింది. వాళ్ళను పదేళ్ళు గమనిస్తే, మూడు డోసులు వేసుకున్నవాళ్ళతో దాదాపు సమానంగా రక్షణ ఉందని 2021లో వెలువడిన ఫలితాలు చూపాయి. ఆ ఆధారం కూడా తోడై, ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2022లో చెప్పారు. అదే ఏడు పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకాకు అనుమతి వచ్చింది. ఖరీదు, డోసుల సంఖ్య అనే రెండు పెద్ద అడ్డంకులు చాలావరకు తొలగాయి. మిగిలింది అడగడం ఒక్కటే.

ఈ టీకా భద్రాచలం, ఉట్నూరు, పాడేరు ప్రాంతాల ఆశ్రమ పాఠశాలలకు తీసుకెళ్ళే అధికారులు ముందుగా ఆ బాలికల తల్లులను పిలిపించాలి. రాలేనివాళ్ళ దగ్గరికి తామే వెళ్ళాలి. కోయ, గోండి, కువి మాట్లాడేవాళ్ళను వెంట తీసుకెళ్ళి, 2009లో ఏం జరిగిందో దాచకుండా చెప్పి, ఈసారి జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలో రాసిచ్చి, కాగితం చదివి వినిపించాలి. ఆలోచించుకోవడానికి వారం గడువు ఇవ్వాలి. ఆ తర్వాత వద్దన్న తల్లి పేరు ఏ గోడ మీదా రాయకుండా మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాలి. సంతకం వార్డెన్‌ది కాకూడదు.